శేషాచలంలో సాధన, లద్దాఖ్‌లో సంపూర్ణ గ్రహణం

సంపూర్ణ సూర్యగ్రహణం మన వాకిట్లోకి రాదు, మనమే పోయి దాని దారిలో నిలబడాలి. చంద్రుడి చిక్కటి నీడ నేల మీద పాకే పట్టీ వెడల్పు మామూలుగా వందా రెండు వందల కిలోమీటర్లే. 2035 దాకా ఆ పట్టీ తిరుపతి మీదుగా గానీ చిత్తూరు మీదుగా గానీ ఒక్కసారి కూడా పోవడం లేదు. మన వైపు వాళ్ళకు పనికొచ్చే తేదీలు మూడు.

మొదటిది 2027 ఆగస్టు 2, సోమవారం. సంపూర్ణ గ్రహణం స్పెయిన్, ఈజిప్టు, సౌదీల మీదుగా పోతుంది. ఈజిప్టులోని లగ్జర్ దగ్గర 6 నిమిషాలు దాటి ఉంటుంది. మనకు మాత్రం సాయంత్రం పూట పాక్షికమే, అంచు కొరికిన అప్పచ్చిలా. రెండోది 2031 మే 21, బుధవారం. కేరళ, దక్షిణ తమిళనాడు మీదుగా కంకణ గ్రహణం, అంటే చంద్రుడి చుట్టూ సూర్యుడు ఉంగరంలా మిగిలేది, పోతుంది. తిరుపతిలో మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో సూర్యుడి వెడల్పులో ముప్పాతిక పైనే మూసుకుంటుంది. మూడోది 2034 మార్చి 20, సోమవారం. ఇదీ అసలుది. జమ్ము కాశ్మీర్, లద్దాఖ్‌ల మీదుగా సాయంత్రం పూట సంపూర్ణ గ్రహణం. మర్నాడే ఉగాది.

మొదటి రెండింటినీ ఇంటి దగ్గరి అడవుల్లో సాధనకు వాడుకుంటే మూడోసారి మంచుకొండల మధ్య తడబడరు. సంపూర్ణ దశలో తప్పు దిద్దుకునే వ్యవధి ఉండదు మరి.

తొంభై తొమ్మిది శాతం మూసుకుంటే చాలదా అని అడిగేవాళ్ళుంటారు. చాలదు. మిగిలిన ఆ ఒక్క శాతమే నాలుగు వేల పున్నమి చంద్రులంత వెలుగిస్తుంది. ఆకాశం చీకటి పడదు, సూర్యుడి చుట్టూ ఉండే పలుచటి వెలుగు పొర కరోనా కనబడదు, గ్రహణం కళ్ళజోడు తీయడానికి వీల్లేదు. పట్టీ అంచుకు కిలోమీటరు ఇవతల ఆగిపోవడమంటే కొండ నడిచెక్కి మహాద్వారం దగ్గర వెనక్కి తిరిగినట్టే.

ముందు దిక్కు చూసుకోండి

అడవిలో గ్రహణం చెడగొట్టేవి రెండు, కొండా కొమ్మా. సూర్యుడు ఏ దిక్కులో, ఎంత ఎత్తులో ఉంటాడో తేలకుండా చోటు ఎంచుకోవద్దు. కొలతకు పిడికిలి చాలు. చెయ్యి బారు చాపి పిడికిలి బిగిస్తే దాని అడ్డం సుమారు 10 డిగ్రీలు, చిటికెన వేలు ఒక డిగ్రీ. సాయంత్రం పూట సూర్యుడు గంటకు దగ్గరదగ్గర ఒకటిన్నర పిడికిలి దిగుతాడు.

2027 సంగతి తీసుకుందాం. ఆగస్టు మొదట్లో మనకు సూర్యుడు సరిగ్గా పడమట అస్తమించడు, పడమర నుంచి ఉత్తరం వైపు 18 డిగ్రీలు జరిగి దిగుతాడు. తిరుపతి ఊళ్ళో నిలబడి చూస్తే శేషాచలం కొండలున్నది ఆ వైపే. కొండ ఊరికన్నా సుమారు 700 మీటర్లు ఎత్తు. కొండకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే అది 13 డిగ్రీల గోడ. అస్తమయం సాయంత్రం 6.35 ప్రాంతంలో గదా, ఆ గోడ వెనక్కి సూర్యుడు 5.40కే దిగిపోతాడు. పట్టు కనబడుతుంది, విడుపును కొండ మింగేస్తుంది. అదే కొండకు పది కిలోమీటర్ల దూరానికి వెనక్కి జరిగితే గోడ 4 డిగ్రీలకు, అంటే నాలుగు చిటికెన వేళ్ళ ఎత్తుకు పడిపోతుంది. అందుకే 2027కు అలిపిరి పాదం, కపిలతీర్థం వైపు వద్దు. తిరుచానూరు దాటి దక్షిణాన పొలాల్లోకి పోండి, లేదా స్వర్ణముఖి ఒడ్డున పడమర తెరిపిగా ఉన్న చోటు చూసుకోండి. తలకోన అందం తలకోనదే గానీ, చుట్టూ రాతిగోడ, పైన చెట్ల గొడుగు. వాలుపొద్దు గ్రహణానికి అది పనికిరాదు.

2031 దీనికి పూర్తిగా ఎదురు. మే 21న మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, ఏ కొండా అడ్డు రాదు. అప్పుడు తలకోనే మంచి చోటు. ఎందుకో కింద ఆకునీడల దగ్గర చెప్తాం. ఈసారి ఇబ్బంది మెడకు. నిలబడి గంటల తరబడి నెత్తి మీదకు చూడలేరు. చాప వేసుకుని వెల్లకిలా పడుకోండి.

గ్రహణం రోజు దాకా ఆగకుండా చోటును ముందే పరీక్షించే ఉపాయం ఒకటుంది. సూర్యుడు ఏటా ఒకే దారిలో రెండుసార్లు నడుస్తాడు. ఆగస్టు 2 నాటి దారి మే 11 ప్రాంతంలోనూ ఉంటుంది, కాకపోతే గడియారంలో 10 నిమిషాలు ముందు. మే 21 దారి మళ్ళీ జూలై 23 ప్రాంతంలో వస్తుంది. మార్చి 20కి జత సెప్టెంబరు 23, అది 15 నిమిషాలు ముందు. మీరు అనుకున్న చోటికి ఆ రోజు పోయి, ఆ వేళకు సూర్యుడి కింద కొండకు ఎన్ని పిడికిళ్ళు మిగిలాయో చూడండి. రెండు పిడికిళ్ళు మిగిలితే నిశ్చింత. ఒకటే మిగిలితే ఇంకో చోటు వెతకండి, ఎందుకంటే సాయంత్రం మబ్బు పేరుకునేది కొండ తల మీదే.

కళ్ళ సంగతి

కళ్ళజోడు మీద ఐఎస్ఓ 12312-2 అని ఉండాలి. ఆ ప్రమాణం ప్రకారం కంటికి కనిపించే వెలుగులో 0.0032 శాతానికి మించి లోపలికి రాకూడదు. అచ్చు ఎవరైనా వేయించుకోగలరు కాబట్టి ఇంట్లో మళ్ళీ పరీక్షించండి. పెట్టుకుని గది చుట్టూ చూస్తే ఏమీ కనబడకూడదు. ఫోను టార్చి దగ్గర పెట్టుకుని చూసినా మసక చుక్కకు మించి తెలియకూడదు. తర్వాత విప్పి, బల్బుకు ఎదురుగా పట్టి, సూదిమొన చిల్లులున్నాయా, గీతలు పడ్డాయా చూడండి. ఒక్కటి కనబడినా పారేయండి. హార్డ్‌వేర్ షాపుల్లో వెల్డింగ్ అద్దం అడిగితే 10, 11 నంబర్లు చేతిలో పెడతారు. సూర్యుడికి అవి చాలవు. 14 కావాలని గట్టిగా అడగండి.

ఎక్స్‌రే ఫిల్ము, మసిపట్టిన గాజు, చల్లద్దాలు, సీడీ, ఇవేవీ వద్దు. వెలుగు తగ్గినట్టు అనిపించడంతో కంటిపాప పెద్దదవుతుంది, కనబడని పరారుణ కిరణాలు మాత్రం ఆ ఫిల్ముల్లోంచి దూరిపోతాయి. రెటీనాకు నొప్పి తెలిపే నరాలు లేవు. కాలుతున్నట్టు అప్పుడు తెలియదు, కొన్ని గంటల తర్వాతో మర్నాడో చూపు నడిమధ్య మచ్చ కనబడుతుంది.

పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి అందులో సూర్యుణ్ణి చూడటం మన ఇళ్ళల్లో పాత అలవాటు. సూర్యుడు నడినెత్తిన ఉంటే నీళ్ళు వెలుగులో 2 శాతం వెనక్కి కొడతాయి, అంటే కళ్ళజోడుకు పెట్టిన హద్దుకు ఆరు వందల రెట్లు. సాయంత్రం పొద్దు 20 డిగ్రీలకు వాలినప్పుడైతే 13 శాతం. వాలుపొద్దు నీళ్ళల్లో చూడటం ఇంకా ప్రమాదం. పసుపు కలిపినా పేడ కలిపినా నీటి పైపొర మెరుపు పోదు. పక్కనే పళ్ళెంలో నిలబెట్టే రోకలి సంగతి అంటారా, అడుగు చదునుగా ఉంటే అది ఏ రోజైనా నిలబడుతుంది. పిల్లల చేత గ్రహణం లేని రోజు నిలబెట్టించి చూడండి, సరదాగా ఉంటుంది.

పిల్లల మొహానికి కళ్ళజోడు వదులవుతుంది. కాగితం ప్లేటుకు రెండు కళ్ళ చోట కోసి, కళ్ళజోడును వెనకవైపు టేపుతో అంటించండి. ప్లేటు మొహమంతా కప్పేస్తుంది, పక్క నుంచి తొంగిచూడ్డానికి సందు ఉండదు.

బైనాక్యులర్ వాడే వాళ్ళకు ఒకే మాట. ఫిల్టరు ముందు అద్దాలకు ఉండాలి, సూర్యుడి వైపు. గ్రహణం కళ్ళజోడు పెట్టుకుని బైనాక్యులర్‌లో చూస్తే కటకం కూడగట్టిన వేడి ఆ పలుచటి ఫిల్మును క్షణంలో కాల్చి కంట్లోకి దూరుతుంది.

బూందీ గరిటె, ఆకునీడలు, అరచేతి అద్దం

తల ఎత్తకుండా చూసే పద్ధతులే ఒక్కోసారి ఎక్కువ బాగుంటాయి. పదిమంది ఒకేసారి చూడొచ్చు, కళ్ళకు భయం లేదు.

వెలుగు సన్నటి చిల్లులోంచి వస్తే అవతల పడేది చిల్లు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. బొమ్మ వెడల్పు దూరంలో నూట తొమ్మిదో వంతు. మీటరు దూరానికి 9 మిల్లీమీటర్లు, రెండు మీటర్లకు 18. లడ్డూల ఊళ్ళో బూందీ గరిటెకు కరువేముంది? ఎండకు ఎదురుగా పట్టుకుని, కింద తెల్ల కాగితం పరిచి చూడండి. దగ్గరగా పట్టుకుంటే గుండ్రటి చుక్కలే పడతాయి, గ్రహణం లేదనుకుని పక్కన పడేస్తారు. గరిటె చిల్లు నాలుగైదు మిల్లీమీటర్లుంటుంది కాబట్టి బొమ్మ చిల్లుకన్నా బాగా పెద్దదైతేనే కొరుకు తెలుస్తుంది. స్టూలెక్కి రెండు మీటర్ల ఎత్తు నుంచి పట్టుకుంటే ఒక్కో చుక్కా నెలవంకగా మారుతుంది.

ఇంకా స్పష్టంగా కావాలంటే మీటరు పొడవున్న అట్టపెట్టె తీసుకోండి. ఒక చివర కిటికీ కోసి, దాని మీద అల్యూమినియం రేకు అంటించి, ఒకటి రెండు మిల్లీమీటర్ల చిల్లు పొడవండి. అవతలి చివర లోపల తెల్ల కాగితం. పక్కన చూడటానికి మరో సందు. చిల్లు మరీ పెద్దదైతే బొమ్మ అలుక్కుపోతుంది, మరీ చిన్నదైతే మసకబారుతుంది.

అన్నిటికన్నా తేలికది అరచేతి అద్దం. అద్దానికి కాగితం కప్పి మధ్యలో 5 మిల్లీమీటర్ల చిల్లు వదలండి. ఎండ దాని మీద పడేట్టు కిటికీలో పెట్టి, పది మీటర్ల అవతల చీకటి గోడ మీదకు కొట్టండి. 9 సెంటీమీటర్ల సూర్యుడు గోడ మీద కూర్చుంటాడు. అద్దాన్ని చేత్తో పట్టుకుంటే బొమ్మ వణుకుతుంది, బియ్యం డబ్బాలో గుచ్చి నిలబెట్టండి. ఆ మెరుపు ఎవరి కళ్ళల్లోనూ పడకుండా చూసుకోవాలి.

ఇక తలకోన. దట్టమైన ఆకుల మధ్య ప్రతి సందూ ఒక చిల్లే. 2031లో ఎండ నిట్టనిలువునా పడుతుంది కాబట్టి చెట్టు కింద బాట మీద వందల నెలవంకలు పరుచుకుంటాయి, గాలి వీస్తే అన్నీ కలిసి ఊగుతాయి. ఇరవై మీటర్ల ఎత్తు కొమ్మల్లోంచి వస్తే ఒక్కో నెలవంక 18 సెంటీమీటర్లు, అంటే దాదాపు జానెడు. రాళ్ళ మీద సరిగా తెలియవు, తెల్ల పంచె పరవండి. అదే రోజు కంకణ పట్టీలో ఉన్న కేరళ అడవికి పోతే నెలవంకల బదులు ఉంగరాలు పడతాయి. పెరియార్ ఆ దారికి దగ్గర్లోదే, గేటు దాకా పోయేముందు పట్టీ అంచులు మ్యాపులో సరిచూసుకోండి. కంకణ గ్రహణంలో ఒక్క క్షణం కూడా కళ్ళజోడు తీసే దశ లేదు. ఉంగరం కనిపిస్తున్నంతసేపూ అది మండుతున్న సూర్యుడే.

అడవి నియమాలు, గ్రహణం రోజు రోడ్లు

శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం లోపల అటవీ శాఖ అనుమతి లేకుండా తిరగడానికి లేదు. ఎర్రచందనం అడవి కాబట్టి మూటలు మోసుకుని పొద్దుగూకే వేళ బాట తప్పి కనిపిస్తే సిబ్బంది ఆపి అడుగుతారు, అడగాలి కూడా. ట్రైపాడ్, పెద్ద లెన్సులు ఉంటే ముందే చెప్పి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. చెక్‌పోస్టు మూసే వేళ అంతకుముందు రోజే కనుక్కోండి. తలకోన తిరుపతికి సుమారు 60 కిలోమీటర్లు, మధ్యలో భాకరాపేట ఘాట్. చీకటి పడ్డాక ఆ మలుపులు కొత్తవాళ్ళకు మంచివి కావు.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులది. పొద్దు వాలుతుంటే అవి నీళ్ళకు, పంటలకు కదులుతాయి. సాయంత్రం గ్రహణానికి ఆ అంచున టెంటు వేయాలనే ఆలోచనే వద్దు. తలకోనలో గొడవ కోతులతో. సంచి జిప్పు తెరిచి ఉంచారంటే పులిహోర పొట్లంతో పాటు కళ్ళజోళ్ళు కూడా చెట్టెక్కుతాయి. ఎవరివి వాళ్ళ మెడకు దారంతో కట్టుకోండి.

గ్రహణం రోజు తిరుమల గుడి తలుపులు గంటల తరబడి మూస్తారు, శ్రీకాళహస్తి గుడి మాత్రం తెరిచే ఉంటుంది. రాహుకేతు పూజలకు జనమంతా అటే. 2027లో సోమవారం, పైగా అమావాస్య. శివుడి గుడికి ఇంతకన్నా రద్దీ రోజు ఏముంటుంది? శ్రీకాళహస్తి రోడ్డు ఎక్కకుండా చోటు ఎంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు పట్టు స్నానం, విడుపు స్నానం పాటిస్తారంటే నీళ్ళున్న చోటు చూసుకుంటే ఇద్దరి పనీ అవుతుంది. ఉపవాసం ఎవరి ఇష్టం వాళ్ళది గానీ, మే నెల ఎండలో మంచినీళ్ళు మానొద్దు. మనిషికి నాలుగు లీటర్లు పట్టుకెళ్ళండి.

మబ్బు విషయంలో మొండిపట్టు పనికిరాదు. 1999 ఆగస్టు 11న, 2009 జూలై 22న సంపూర్ణ గ్రహణాలు మన దేశం మీదుగానే పోయాయి, రెండుసార్లూ వానాకాలం మబ్బులు చాలా చోట్ల చూడనివ్వలేదు. 2009లో అందరూ చేరిన బీహార్ తారేగనాలో కూడా మబ్బే. 1980 ఫిబ్రవరి 16న మహబూబ్‌నగర్, నల్గొండల మీదుగా పోయినది చలికాలంలో కాబట్టి మేలైంది. ఎక్కడికి పోయినా యాభై, వంద కిలోమీటర్ల దూరంలో రెండో చోటు ఒకటి చూసి ఉంచుకోండి. ఆ రోజు ఉదయం ఉపగ్రహ చిత్రం చూసి, పట్టుకు మూడు గంటల ముందే తేల్చుకోండి. ఆ తర్వాత రోడ్డు మీదే గ్రహణం అయిపోతుంది.

లద్దాఖ్ 2034

మార్చి 20 విషువత్తు, అంటే పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజు. సూర్యుడు సరిగ్గా పడమట అస్తమిస్తాడు. గ్రహణం వేళకు పడమరకు కాస్త ఎడమగా, బాగా దిగి ఉంటాడు. చిక్కు ఇక్కడే. లోయలో దిగితే పడమటి శిఖరం పొద్దును ముందే మింగేస్తుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే ఇరుకు లోయలు వదిలేసి, పడమరకు తెరుచుకున్న విశాలమైన లోయో కొండ భుజమో చూడండి. జాతీయ ఉద్యానం పేరు చూసి గది బుక్ చేయకండి. అది పట్టీలో ఉందా, పడమర తెరిపి ఉందా, ఈ రెండూ తేలాకే డబ్బు కట్టండి. 2033 సెప్టెంబరు 23న వెళ్తే రోడ్లు తెరిచి ఉంటాయి, పైన చెప్పిన పిడికిలి పరీక్ష అక్కడే అయిపోతుంది. మార్చిలో జోజి లా కనుమ మంచుతో మూసుకుపోవడం మామూలే, కాబట్టి గ్రహణానికి విమానమే దిక్కు.

లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. తిరుపతి నుంచి నేరుగా దిగిన ఒంటికి కనీసం రెండు రోజులు ఏ పనీ చెప్పకూడదు. తలనొప్పి, వాంతులు వస్తే గ్రహణం కోసం ఇంకా పైకెక్కకండి, కిందికి దిగండి. చలికి బ్యాటరీలు సగంలోనే చచ్చిపోతాయి. ఒక జత జేబులో, ఒంటి వెచ్చదనానికి అంటిపెట్టుకుని ఉంచండి.

ఈ గ్రహణంలో సంపూర్ణ దశ ఎక్కువలో ఎక్కువ 4 నిమిషాల 9 సెకన్లు, అదీ ఆఫ్రికాలో. మన దాకా వచ్చేసరికి తగ్గుతుంది. ఆ కాసేపట్లో చేయాల్సినవి ముందే కాగితం మీద రాసుకుని, రెండుసార్లు ఆడి చూసుకోండి. చివరి పదిహేను నిమిషాల్లో ఎండ ఉక్కురంగులోకి మారుతుంది, నీడల అంచులు కత్తితో కోసినట్టవుతాయి, చలి కొడుతుంది. రెండు నిమిషాల ముందు తెల్ల పంచె నేల మీద పరవండి. అదృష్టముంటే సన్నటి నీడ అలలు దాని మీద పాములా పాకుతాయి. పడమటి వైపు కొండల మీదుగా నీడ నల్లటి గోడలా వచ్చేది చూడండి. కళ్ళజోడులో సూర్యుడి గీత పూసలుగా తెగి, చివరి పూస కూడా ఆరి అంతా నల్లబడితే, అప్పుడు తీయండి. ముందు కాదు.

1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ వర్ణపటదర్శినితో (వెలుగును రంగులుగా విడగొట్టి చూపే పరికరం) పరిశీలించింది ఈ వేళే కనబడే ఎర్రటి నాలుకల్ని. హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. మీకు ఏ పరికరమూ అక్కర్లేదు, ఆ ఎర్రదనం అంచున మామూలు కంటికే చిక్కవచ్చు. చుట్టూ ముత్యం రంగు కరోనా. మొదటి నిమిషం ఫోను ముట్టుకోకండి. ఫొటో కావాలంటే కెమెరాను ముందే స్టాండు మీద బిగించి, ఫిల్టరు తీసేసి, సెకనులో వెయ్యో వంతు నుంచి ఒక సెకను దాకా వరసగా కొట్టేలా పెట్టండి. కరోనా లోపలికీ బయటికీ వెలుగు అంత తేడా, ఒకే ఎక్స్‌పోజరుకు రెండూ దొరకవు. ఫ్లాష్ ఆపేయండి, పక్కవాళ్ళ కళ్ళకు చీకటి అలవాటు పోతుంది. గుంపులో ఒకరు గడియారం చూసి అరవాలి, “ఇంక పది సెకన్లు, పెట్టుకోండి” అని. సూర్యుడి పడమటి అంచు ఎర్రబారి వెలుగుతుంటే ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్ళజోడు పెట్టేయాల్సిందే. వజ్రపుటుంగరం, అంటే సూర్యుడి అంచున ఒకే చోట తళుక్కుమనే వెలుగు, రెండోసారి మెరిసేసరికి కళ్ళకు కళ్ళజోడు ఉండాలి.

అక్కడి నుంచి విడుపు దాకా గంట పైనే ఉంటుంది, కానీ జనం అప్పుడే కార్లెక్కుతారు. ఒకే రోడ్డున్న లోయలో అందరూ ఒకేసారి కదిలితే గంటల కొద్దీ ఆగిపోవడం ఖాయం. పులిహోర తీయాల్సింది ఇప్పుడు. చాప మీదే కూర్చుని తినేసి, ఆకులూ పొట్లాలూ సంచిలో మూటగట్టుకుని, రోడ్డు పలుచబడ్డాక లేవండి.